కొండెక్కుతూ శ్వాసను గమనిస్తే దడ పెరుగుతోంది, మానేయాలా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. విజయనగరంలో టీచర్‌ని. ఆదివారాలు తోటి టీచర్లతో కలిసి రామతీర్థం కొండలు ఎక్కుతున్నాను. ఫోన్‌లో విని మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాన్ని ధ్యాసతో గమనించే సాధన) మొదలుపెట్టాను. ఎక్కేటప్పుడు శ్వాస మీద ధ్యాస పెడితే దడ, టెన్షన్ పెరుగుతున్నాయి. పక్కవాళ్ల కబుర్లతో మనసు నిలవడం లేదు. మానేయమంటారా?

సలహా: మానేయక్కర్లేదండి. కానీ ముందు దడ సంగతి తేల్చుకోవాలి. ఎక్కేటప్పుడే వచ్చి, కాసేపు కూర్చుంటే తగ్గిపోతే అది చాలావరకు శ్రమ వల్లే. ఛాతీలో నొప్పి లేదా బరువు, కళ్లు తిరగడం, ఊరికే కూర్చున్నా దడ ఉంటే మాత్రం కొండ ఎక్కడం ఆపి వెంటనే డాక్టర్‌ని కలిసి ఈసీజీ తీయించుకోండి. మన ఆడవాళ్లలో రక్తహీనత చాలా ఎక్కువ, దానివల్లా దడ వస్తుంది. థైరాయిడ్ అతిగా పనిచేసినా దడ వస్తుంది. బీపీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ ఒకసారి చూపించుకోండి. ఆడవాళ్లు దడ అనగానే ‘టెన్షనే’ అని తేల్చేయడం నాకు అస్సలు నచ్చదు.

ఇక శ్వాస. ఎక్కేటప్పుడు కాలి కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి కాబట్టి ఊపిరి, గుండె రెండూ వేగం పెంచుతాయి. కంగారు పడినప్పుడు కూడా ఒంట్లో జరిగేది దాదాపు ఇదే. అందుకే ఆయాసాన్నే పట్టుకుని చూస్తుంటే, ఏదో ప్రమాదం వచ్చిందనుకుని మనసు ఇంకాస్త కంగారు పడుతుంది. తప్పు మీది కాదు, ఇంట్లో కూర్చుని చేసే సాధనను కొండెక్కుతూ చేస్తున్నారంతే.

ఎక్కేటప్పుడు ధ్యాస పాదాల మీద పెట్టండి. మడమ ఆనడం, బరువు ముందుకు జరగడం, వేళ్లు నేలను నెట్టడం. కళ్లు తెరిచే ఉండాలి, రాళ్ల దారిలో ఇది మరీ ముఖ్యం. బౌద్ధ భిక్షువుల నడక ధ్యానం ఇలాంటిదే. మీరు వెళ్లే గురుభక్తుల కొండ మీదున్నవి ఒకప్పటి బౌద్ధారామం శిథిలాలే కదా! 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే శాస్త్రవేత్త ఆస్పత్రి రోగుల కోసం మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణకూ మూలం బౌద్ధ సాధనే. శ్వాసను గమనించడం పైకి చేరి, ఆయాసం తీరాక నీడలో కూర్చుని చేయండి.

మనసు సోమవారం పనుల మీదికి పోతుందా? పోనివ్వండి. పోయిందని తెలిసిన క్షణంలో మళ్లీ పాదాల దగ్గరికి తెచ్చుకోవడమే సాధన. ఆలోచనలే రాకూడదని పంతం పడితే అలసటే మిగులుతుంది.

కబుర్లు ఆపమని అందర్నీ ఇబ్బంది పెట్టొద్దు. నలుగురితో నవ్వుతూ నడవడమూ మనసుకు మందే. మొదటి పది నిమిషాలు మాత్రం మాట్లాడకుండా నడుద్దామని అడిగి చూడండి. అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందుంచండి, వెనక ఒకరు కాపు ఉండాలి. అప్పుడు ‘వెనకబడిపోతున్నాను’ అన్న ఆందోళన ఎవరికీ ఉండదు.

మన ఉక్కపోతలో నీళ్లు తప్పనిసరి. మీ బృందంలో, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లెవరికైనా కిడ్నీ సమస్య ఉంటే, ఎన్ని నీళ్లు తాగాలో వాళ్ల డాక్టర్ చెప్పినట్టే తాగాలి. మోకాళ్ల నొప్పులకు సొంతంగా పెయిన్ కిల్లర్లు వేసుకోకూడదు.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దిగులు వదలకపోయినా నడకతో సరిపెట్టుకోవద్దు. మానసిక వైద్యుల్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.