మొదటి కిరాయి ఇల్లు కొనే ముందు

బిడ్డా,

చౌటుప్పల్ దాటాక హైవే పక్క వెంచర్‌లో 200 గజాల ప్లాటు కొనాలా, నల్లగొండలో రెండు పోర్షన్ల పాత ఇల్లు కొనాలా అని అడిగావు. మొదటి కొనుగోలుకు నా ఓటు ఇంటికే. ప్లాటు మీద లాభం అమ్మినరోజే తెలుస్తుంది, అప్పటిదాకా కంచె, కాపలా, కబ్జా భయం నీవే. ఇల్లయితే నెలనెలా ఎంతో కొంత ఇస్తుంది, నీ బడికి పోయే దారిలోనే ఉంటుంది కాబట్టి వారానికోసారి కంటపడుతుంది. అట్లాగని ఆ ఇంటాయన అడిగిన 45 లక్షలూ ఇవ్వమని కాదు. ముందు లెక్క చూడు.

రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం: స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, ఫీజు 0.5. కొన్న ధర, సర్కారు విలువ - రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. 45 లక్షలకు అది 3,37,500. రంగులు, బాత్‌రూం మరమ్మతు, వైరింగ్ కలిపి లక్షన్నర వేసుకో. అంటే ఇల్లు నీకు పడేది దాదాపు 50 లక్షలకు. కిరాయి 7,000, 6,000 వస్తుందన్నావు, ఏడాదికి 1,56,000. అందులో ఒక నెల ఖాళీ, ఇంటి పన్ను, చిల్లర మరమ్మతులు తీసేస్తే చేతికి మిగిలేది ఒక లక్షా 23 వేలు. పెట్టిన పైసల మీద రెండున్నర శాతం. బ్యాంకు డిపాజిట్ కంటే తక్కువే. మిగతాది జాగ ధర పెరిగితే రావాలి, పెరుగుతుందని ఎవరూ రాసివ్వరు. కిరాయితోనే లోను తీరిపోతుందని ఏజెంటు చెప్తే నవ్వి ఊరుకో: 25 లక్షల లోనుకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెలకు సుమారు 21,700 కట్టాలి. కిరాయి 13,000 పోగా 8,700 నీ జీతంలోంచే. పోర్షన్లు రెండూ ఖాళీ అయిన నెల మొత్తం నీదే.

అందుకే ఆరు నెలల కిస్తీ, అంటే లక్షా 30 వేలు, ముట్టుకోకుండా పక్కన పెట్టు. నీ దగ్గరున్న 25 లక్షలు, లోను 25 లక్షలు, మొత్తం 50. అందులోంచి ఈ లక్షా 30 వేలు, మరమ్మతు లక్షన్నర తీసేస్తే మిగిలేది 47 లక్షల 20 వేలు. రిజిస్ట్రేషన్ కూడా అందులోనే సర్దాలి కాబట్టి ధర 43 లక్షల 90 వేలు దాటితే ఆ ఇల్లు నీది కాదనుకో. ఆ అంకె ఏజెంటుకు చెప్పకు.

ఇక కాగితాలు. ఇక్కడ తొందర వద్దు. ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపే కాగితం, 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. ఈసీ శుభ్రంగా ఉంటే చాలనుకుంటారు చాలామంది. రిజిస్టర్ కాని ఒప్పందం, కోర్టు కేసు, అన్నదమ్ముల నోటిమాట పంపకం అందులో కనపడవు. అసలు దస్తావేజులు బ్యాంకులో పెట్టి, రిజిస్టర్ చేయకుండా తీసుకున్న అప్పు కూడా కనపడదు. కాబట్టి లింకు దస్తావేజుల (ఇల్లు ఇంతకు ముందు చేతులు మారిన పత్రాల) జిరాక్సులు కాదు, అసలు చూపించమను. అమ్మే ఆయన, వాళ్ల నాన్న పేర్లతో కోర్టు కేసులు చూపే ఈ-కోర్ట్స్‌లో వెతుకు. సెర్సాయ్‌లో కూడా చూడు, బ్యాంకుల తనఖాలు నమోదయ్యే రిజిస్ట్రీ అది, ఫీజు కొద్దిగానే ఉంటుంది.

ఆ ఇల్లు ఆయనకు తండ్రి నుంచి వచ్చిందన్నావు. మన దగ్గర ఎక్కువ ఇండ్లు చిక్కుల్లో పడేది ఇక్కడే. అన్నదమ్ములు సంతకాలు పెట్టి అమ్మేస్తారు, అక్కచెల్లెళ్లను అడగరు. 2005 సవరణ తర్వాత పిత్రార్జితంలో ఆడబిడ్డకు కొడుకుతో సమానంగా హక్కుంది. తండ్రి స్వార్జితమైనా, వీలునామా లేకుండా పోతే భార్యకు, బిడ్డలందరికీ వాటా వస్తుంది. 'పెళ్లప్పుడు కట్నం ఇచ్చేశాం' అనే మాట కోర్టులో నిలవదు. వారసుల సర్టిఫికెట్ తెప్పించు, అందులో ఎన్ని పేర్లుంటే అన్ని సంతకాలు రిజిస్ట్రేషన్‌లో పడాలి. మిర్యాలగూడలో ఉన్న ఆయన చెల్లెలు తర్వాత వచ్చి పెడుతుందంటే, ఆమె వచ్చిన రోజే రిజిస్ట్రేషన్ పెట్టుకుందామను.

ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు హక్కు పత్రాలు కావు. నోటరీ కాగితం మీద కొన్న ఇల్లు ఎంత అగ్గువకు వచ్చినా ముట్టకు. లావణి పట్టా భూమి (సర్కారు పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి) మీద కట్టింది అయితే 1977 చట్టం కింద ఆ అమ్మకమే చెల్లదు. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితాలో సర్వే నంబరు చూడటం ఐదు నిమిషాల పని.

టేపు పట్టుకుని నాలుగు వైపులా కొలువు. దస్తావేజులో 120 గజాలుండి నేల మీద 112 తేలితే, ఆ 8 గజాలు రోడ్డులోకి పోయాయా, పక్కింటి గోడలోకి పోయాయా తెలుసుకుని ఆ మేరకు ధర తగ్గించు. ముందు రోడ్డు వెడల్పు చేసే ప్లాను ఉందేమో మున్సిపాలిటీ మాస్టర్ ప్లాన్‌లో చూడు. వాన పడ్డ మర్నాడు ఒకసారి పో. సీలింగ్ పెచ్చులూడి తుప్పు పట్టిన సీకు కనపడితే అది రంగుతో పోయే జబ్బు కాదు, ఇంజినీరును తీసుకుపో.

నీళ్ల సంగతి నల్లగొండలో వేరే చెప్పాలి. బోరు ఉందని మురిసిపోకు. ఒక సీసా నీళ్లు ల్యాబుకు ఇచ్చి ఫ్లోరైడ్ చూపించు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. ఆర్వో అమ్మేవాళ్లు చూపే టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన మొత్తం లవణాలే చెప్తుంది, ఫ్లోరైడ్ చెప్పదు. మున్సిపల్ నల్లా ఉందా, అది ఎవరి పేరు మీద ఉందో చూడు. నల్లా లేని పోర్షన్‌కు పిల్లలున్న కుటుంబం రాదు.

బయానా ధరలో పదో వంతు దాటించకు, బ్యాంకు ద్వారానే ఇవ్వు. ఇంటి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే చట్టం ఒప్పదు, తీసుకున్న ఆయనకు అంతే జరిమానా పడవచ్చు. ఒప్పంద పత్రంలో రెండు మాటలు తప్పక రాయించు: వారసుల్లో ఎవరు సంతకం పెట్టకపోయినా, కాగితాల్లో లోపం తేలినా బయానా ఇన్ని రోజుల్లో వాపసు, ఇల్లు ఖాళీ చేసి ఇచ్చే తారీఖు. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున మళ్లీ ఈసీ తీయి. బ్యాంకు లాయరు చూశాడు కదా అనకు. ఆయన బ్యాంకు అప్పు కోసం చూస్తాడు. నీకు వేరే లాయరు ఉండాలి.

కొన్నాక మొదటి పని రెండు పోర్షన్లకు వేర్వేరు కరెంటు మీటర్లు. గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డున్న కిరాయిదారుకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తుంది. ఒకే మీటరైతే ఇద్దరి వాడకం కలిసి 200 దాటుతుంది, బిల్లు పంచుకునేటప్పుడు కొట్లాట మొదలవుతుంది.

కిరాయికి ఇచ్చేటప్పుడు ఆధార్ కాపీ, పనిచేసే చోటు, పాత ఇంటి ఓనరు ఫోన్ నంబరు తీసుకో. ఆ ఓనరుకు నిజంగా ఫోన్ చేయి. కిరాయి ఏ తారీఖుకు ఇచ్చేవాడని ఒక్క ప్రశ్న చాలు. పదకొండు నెలల అగ్రిమెంటు, రెండు నెలల అడ్వాన్సు, ఏటా 5 శాతం పెంపు, ఖాళీకి నెల ముందు నోటీసు. బల్బు, నల్లా వాషరు వాళ్లది. మోటరు, పైపులైను నీది అని అందులోనే రాయి. తాళం ఇచ్చే రోజు ప్రతి గదినీ, మీటరు రీడింగునూ ఫోన్లో ఫొటో తీసి వాళ్లకు కూడా పంపు. కిరాయి యూపీఐలోనే, ఐదో తారీఖు లోపు. ఒక నెల ఆలస్యమైతే మాట్లాడు, రెండో నెల దాటితే రాతలో నోటీసివ్వు. కోపమొచ్చి కరెంటు, నీళ్లు బంద్ చేస్తే కేసు నీ మీదికే వస్తుంది.

ఆషాఢంలో, శూన్యమాసాల్లో ఇల్లు మారేవాళ్లు తక్కువ. బడులు తెరిచే జూన్‌కు ముందే పోర్షన్ సిద్ధంగా ఉంచు. వచ్చిన కిరాయి ఆదాయంలో చూపించు: కట్టిన ఇంటి పన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఇస్తారు, ఆపైన లోను వడ్డీ.

ప్లాటు మోజు ఇంకా తీరకపోతే ఆ వెంచర్ వాళ్లను లేఅవుట్‌కు హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ ఇచ్చిన అనుమతి నంబరు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడుగు. తనఖాలో ఉన్న ప్లాట్ల జాబితా కూడా చూపమను. గుంటల లెక్కన ఫార్మ్ ప్లాటు (లేఅవుట్ అనుమతి లేకుండా సాగు భూమిని ముక్కలు చేసి అమ్మేది) అంటే అక్కడి నుంచే వాపసు రా.

ఇంటి లింకు దస్తావేజులు, వారసుల సర్టిఫికెట్ ఫొటోలు తీసి పంపు. అవి చూసి నేను చెప్పేదాకా బయానా ఇవ్వకు.

మీ పెద్దనాన్న