జర్మనీ చర్చి ఆవరణలోని సమాధి రాళ్ళు: ముందుగా వేటిని నమోదు చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు. పదకొండేళ్ళుగా స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాను. నా భర్త జర్మన్ దేశస్థులు. మా మామగారి పూర్వీకుల ఊరు ఇక్కడికి దగ్గరే. అక్కడి ప్రొటెస్టెంట్ చర్చి ఆవరణలో వారి ఇంటిపేరుతో ఇరవైకి పైగా సమాధి రాళ్ళు కనిపించాయి. కొన్నిటి మీద అక్షరాలు బాగా అరిగిపోయాయి, మరికొన్ని పాత జర్మన్ లిపిలో ఉన్నాయి. మా పిల్లల కోసం ఈ వివరాలన్నీ రాసి ఉంచాలని నా కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలి? రాళ్ళను శుభ్రం చేయవచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు అరిగిపోయిన పాత రాళ్ళ గురించి బెంగపడుతున్నారు గాని, ముందుగా నమోదు చేయవలసినవి అవి కావు. మన ఊళ్ళలో సమాధి కడితే అది తరతరాలు అక్కడే ఉంటుందని అనుకుంటాం. జర్మనీలో క్రైస్తవ సమాధుల స్థలాన్ని సాధారణంగా 20 నుంచి 30 ఏళ్ళ గడువుకు మాత్రమే ఇస్తారు. గడువు తీరాక కుటుంబం రుసుము కట్టి పొడిగించుకోకపోతే రాయిని తొలగించి, ఆ చోటును మరొకరికి కేటాయిస్తారు. యూదుల సమాధులకు, యుద్ధంలో మరణించిన సైనికుల సమాధులకు ఈ నియమం వర్తించదు. మీరు చూసిన అతి పాత రాళ్ళు చర్చి గోడకు ఆనించి ఉంటే, వాటిని ఎవరో విలువైనవిగా గుర్తించి కాపాడారని అర్థం. అవి వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటాయి. ‘బంధువులు కార్యాలయాన్ని సంప్రదించగలరు’ అని చిన్న కాగితం అంటించిన నున్నటి గ్రానైట్ రాళ్ళు మాత్రం ఎప్పుడు మాయమవుతాయో చెప్పలేం. ఈ వారాంతంలోనే వాటితో మొదలుపెట్టండి.

దీనికి మరో కారణం కూడా ఉంది. జర్మనీలో పౌర నమోదు పుస్తకాలు జననాలకు 110 ఏళ్ళు, వివాహాలకు 80 ఏళ్ళు, మరణాలకు 30 ఏళ్ళు గడిచాకే అందరికీ అందుబాటులోకి వస్తాయి. 1925లో పుట్టి 2005లో మరణించిన ఒక దూరపు బంధువు ఉన్నారనుకుందాం. ఆ రెండు నమోదులూ 2035 దాకా మీకు తెరుచుకోవు, కాని ఆ సమాధి గడువు ఇప్పటికే తీరిపోయి ఉండవచ్చు. అంతవరకు అందరికీ కనిపించే ఆధారం ఆ రాయి ఒక్కటే. మీ భర్త నేరుగా ఆ వంశంలోనివారు కాబట్టి తన తాతముత్తాతల పత్రాలను ముందుగానే అడిగి తీసుకోవచ్చు.

శుభ్రం చేయడం విషయంలో నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది. ఇనుప బ్రష్షు, బ్లీచింగ్, వెనిగర్, సుద్ద ముక్క వంటివి రాయికి తాకనివ్వకండి. ఆ ప్రాంతంలో సమాధులకు ఎక్కువగా వాడిన ఇసుకరాయి పొరలు పొరలుగా రాలిపోతుంది. ఒక్క పేరు చదవాలనే ఆత్రంతో నాచును గీకితే, దాని కిందనున్న అక్షరం కూడా ఊడి వస్తుంది. చదవడానికి కావలసింది ఏటవాలుగా పడే వెలుగు. తూర్పు ముఖం రాళ్ళను ఉదయం, పడమర ముఖం వాటిని సాయంత్రం ఫొటో తీయండి. ఎండ నేరుగా పడని ఉత్తరపు ముఖాల మీదికి ఒక నిలువుటద్దంతో పక్క నుంచి వెలుగు మళ్ళించండి, మిట్టమధ్యాహ్నం కనిపించని అక్షరాలు కూడా నీడలతో పైకి తేలుతాయి. ప్రతి రాయికీ మొత్తం కనిపించేలా ఒకటి, దగ్గర నుంచి ఒకటి, ఇరుగుపొరుగు రాళ్ళతో కలిపి ఒకటి ఫొటో తీసి, వరుస సంఖ్యతో సహా ఒక పటం గీసుకోండి. రాయి తొలగిపోయాక ఎవరి పక్కన ఎవరున్నారో చెప్పేది ఆ పటమే.

ఇక లిపి సంగతి. ఫ్రాక్టూర్ అనే ఆ పాత లిపిలో ‘స’ ధ్వనికి వాడే పొడవాటి అక్షరం దాదాపు ‘ఫ’ ధ్వని అక్షరంలా ఉంటుంది. పాత తెలుగు పుస్తకాల్లో వలపలగిలకతో ‘ధమ౯ము’ అని అచ్చువేసి ఉంటే, అలవాటు లేనివారు అక్కడ తొమ్మిది అంకె ఎందుకుందా అని తడబడతారు, ఇదీ అలాంటిదే. ‘గెబ్’ అనే పొడి అక్షరాలు తేదీకి ముందుంటే పుట్టిన తేదీ అని, స్త్రీ పేరు తర్వాత మరో ఇంటిపేరుకు ముందుంటే ఆమె పుట్టింటి పేరు అని తెలుసుకోండి. ఆడపడుచుల వంశాన్ని వెదకడానికి అంతకన్నా మంచి ఆనవాలు లేదు. 18వ శతాబ్దపు రాళ్ళ మీద స్త్రీల ఇంటిపేరు చివర ‘ఇన్’ చేరుతుంది. ముల్లర్ ఇంటి స్త్రీ ‘ముల్లరిన్’ అవుతుంది, అది వేరే కుటుంబం కాదు. కొన్ని రాళ్ళు పుట్టిన తేదీ చెప్పకుండా, ఇన్నేళ్ళ ఇన్ని నెలల ఇన్ని రోజుల వయసులో మరణించారని మాత్రమే చెబుతాయి. ఏ వాక్యాన్నైనా రాయి మీద ఏ వరుసలో ఉందో ఆ వరుసలోనే, తప్పులతో సహా, రాసుకోండి. చదవలేని అక్షరం చోట చుక్కలు పెట్టండి. మీ ఊహను విడిగా పక్కన రాయండి.

రాయి కూడా పొరపడుతుంది గనుక చర్చి పుస్తకాలతో సరిపోల్చుకోవాలి. మీ స్టుట్‌గార్ట్ ఉన్న వుర్టెంబర్గ్ ప్రాంతపు చర్చిలలో బాప్తిస్మాలు, వివాహాలు 1558 నుంచి రాయాలని ఆజ్ఞ ఉంది. 1618–48 నాటి ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో చాలా పుస్తకాలు నాశనమైనా, మిగిలినవాటిని ఆర్కియాన్ అనే వెబ్‌సైట్‌లో రుసుము కట్టి చూడవచ్చు. 19వ శతాబ్ది తొలినాళ్ళ నుంచి ఆ చర్చిలలో కుటుంబాల వారీగా కూడా పుస్తకాలు రాశారు. మీకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడేవి అవే. జర్మనీ అంతటా పౌర నమోదు మొదలైంది 1876 జనవరి 1న. రాళ్ళలో ఒకరి పేరు లేనంత మాత్రాన వారు ఆ ఊరివారు కారని అనుకోకండి. 1842లో మీ గుంటూరుకు వచ్చిన మిషనరీ హేయర్ 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టారు. ఆయన సమాధి మాత్రం అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉంది.

పనికి ముందు చర్చి కార్యాలయంలో అనుమతి తీసుకోండి. సమాధుల పట్టిక ఉంటే చూపించమని అడగండి. జర్మనీలోని కంప్యూటర్ వంశచరిత్ర సంఘం వారి సమాధుల ఫొటోల సైట్‌లో ఆ ఊరు ఇప్పటికే ఉందేమో చూడండి. లేకపోతే మీ ఫొటోలను వారికి పంపవచ్చు, ఒక ప్రతిని చర్చికి ఇవ్వవచ్చు. పంపే ముందు ఒక్క జాగ్రత్త: దంపతుల రాళ్ళ మీద బతికి ఉన్నవారి పేరు, పుట్టిన సంవత్సరం కూడా ముందే చెక్కి ఉంచుతారు. మరణించిన సంవత్సరం లేని పేరు కనబడితే దాన్ని మీ ఇంటి నోటు పుస్తకంలో మాత్రమే రాసుకోండి.