మూతపడిన రియాక్టర్ లోపలి భాగాలను ఎందులో తరలిస్తారు?

ప్రశ్న: మా ఊరు కొవ్వాడకు దగ్గర్లో ఉంది. అణు విద్యుత్ కేంద్రం మాట వచ్చినప్పుడల్లా అందరూ వాడేసిన ఇంధనం గురించే మాట్లాడతారు. రియాక్టర్ లోపలి ఉక్కు భాగాలు కూడా రేడియోధార్మికంగా మారతాయని విన్నాను. వాటిని ఎలాంటి పెట్టెల్లో తరలిస్తారు? దారిలో ప్రమాదం జరిగితే ఆ పెట్టెలు తట్టుకుంటాయా? ఎన్నేళ్లు దాచాలి?
– ఒక పాఠకుడు, రణస్థలం మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు విన్నది నిజమే. ఇంధనం నుంచి వెలువడే న్యూట్రాన్లు చుట్టూ ఉన్న లోహంలోకి చొచ్చుకుపోయి, అందులోని కొన్ని పరమాణువులను రేడియోధార్మికంగా మారుస్తాయి. ఇది పైన అంటిన మురికి కాదు, లోహంలోనే పుట్టినది కాబట్టి ఎంత కడిగినా పోదు. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో అతి స్వల్పంగా ఉండే కోబాల్ట్, కోబాల్ట్-60గా మారి తీవ్రమైన గామా కిరణాలను వెలువరిస్తుంది. దాని అర్ధాయువు, అంటే రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం, 5.27 ఏళ్లు. అదే ఉక్కులోని నికెల్ నుంచి పుట్టే నికెల్-63 అర్ధాయువు దాదాపు 100 ఏళ్లు. మన భారజల రియాక్టర్లకు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే జిర్కోనియం–నియోబియం మిశ్రలోహపు ప్రెషర్ ట్యూబులనే (ఇంధనం ఉండే గొట్టాలనే) చూడండి. తయారైన రోజున వాటిని చేత్తో పట్టుకోవచ్చు. రియాక్టర్‌లో ఏళ్ల తరబడి పనిచేశాక వాటిలో పుట్టే నియోబియం-94 సగానికి తగ్గడానికి దాదాపు 20,000 ఏళ్లు పడుతుంది.

ఇటువంటి భాగాలను సాధారణంగా నీటి అడుగునే ముక్కలు చేసి, నీటి అడుగునే పెట్టెలో నింపుతారు, ఎందుకంటే పనివారికీ ఆ లోహానికీ మధ్య నీరే కవచంగా నిలుస్తుంది. పెట్టె గోడలు మందపాటి ఉక్కుతోనో, పోత ఇనుముతోనో, రెండు ఉక్కు పొరల మధ్య పోసిన సీసంతోనో చేసినవై ఉంటాయి. కోబాల్ట్-60 గామా కిరణాలను పదో వంతుకు తగ్గించాలంటే సుమారు 4 సెంటీమీటర్ల సీసం కావాలి. వెయ్యో వంతుకు తగ్గించాలంటే దాదాపు 12 సెంటీమీటర్లు కావాలి. గోడ మందం గురించి అందరూ అడుగుతారు గానీ, నా దృష్టిలో అంతకంటే జాగ్రత్తగా చూడవలసిన పని మూత వేశాక మొదలవుతుంది. లోపలి నీటిని తోడేసి, వాక్యూమ్ పంపుతో పూర్తిగా ఆరబెట్టాలి. తడి మిగిలితే వికిరణం ఆ నీటిని విడగొట్టి హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది, తుప్పుకూ దారి చూపుతుంది.

ఇక ప్రమాదాల సంగతి. అధిక రేడియోధార్మికత గల సరుకును 'బి' రకం పెట్టెల్లోనే పంపాలని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. ఆ రకం పెట్టె 9 మీటర్ల ఎత్తు నుంచి ఏమాత్రం లొంగని గట్టి తలంపై పడినా, మీటరు ఎత్తు నుంచి నిలువు ఉక్కు కడ్డీ మీద పడినా, ఆపైన 800 డిగ్రీల మంటలో 30 నిమిషాలు ఉన్నా, లోపలి పదార్థాన్ని నిబంధనల్లోని హద్దు దాటి బయటికి పోనివ్వకూడదు. నీట మునిగే పరీక్ష వేరుగా ఉంటుంది.

ఒక్కోసారి రియాక్టర్ పాత్రే, అంటే ఇంధనాన్ని ఉంచే మందపాటి ఉక్కు పాత్రే, పెట్టె అవుతుంది. కొవ్వాడకు ప్రతిపాదించిన రియాక్టర్ల సంస్థ వెస్టింగ్‌హౌసే రూపొందించిన ట్రోజన్ రియాక్టర్ అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఉండేది. అది 1993లో శాశ్వతంగా మూతపడింది. ఇంధనాన్ని ముందే తీసేసి, లోపలి ఉక్కు భాగాలను మాత్రం పాత్రలోనే ఉంచి, ఖాళీలన్నిటినీ తేలికపాటి కాంక్రీటుతో నింపి, బయట అదనపు ఉక్కు కవచం తొడిగారు. సుమారు 1,000 టన్నుల ఆ పాత్రను 1999 ఆగస్టులో బార్జి (చదునైన సరుకు పడవ)పై కొలంబియా నది మీదుగా దాదాపు 435 కిలోమీటర్లు తీసుకెళ్లి, వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫోర్డ్‌లో పూడ్చిపెట్టారు. ముక్కలు కోయకపోవడం వల్ల కార్మికులకు వికిరణం బెడద తగ్గింది, అనేక ప్రయాణాలకు బదులు ఒక్కటే సరిపోయింది. అయితే 9 మీటర్ల పతనం నిబంధన నుంచి ఆ ఒక్క ప్రయాణానికి ప్రత్యేక మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. ఆ దారిలో అంత ఎత్తు నుంచి పడే అవకాశం లేదన్న వాదన సబబే అయినా, అటువంటి మినహాయింపును దాని కారణాలతో సహా ముందే ప్రజల ముందు పెట్టడం తప్పనిసరి అని నేను గట్టిగా నమ్ముతాను.

ఎన్నేళ్లు దాచాలన్నది వేరే ప్రశ్న, దానికి పెట్టెలో చూడవలసిన గుణాలూ వేరు. దారిలో తట్టుకోవలసింది ఒక్క క్షణపు దెబ్బను. నిల్వలో తట్టుకోవలసింది దశాబ్దాల తేమను, తుప్పును, మూత సందును మూసి ఉంచే సీల్ రింగుల అరుగుదలను. పది అర్ధాయువులు, అంటే సుమారు 53 ఏళ్లు గడిస్తే కోబాల్ట్-60 వెయ్యో వంతుకు పడిపోతుంది. జర్మనీలో రైన్స్‌బర్గ్ రియాక్టర్ పాత్రను 2007లో రైలుపై లుబ్మిన్‌లోని నిల్వ కేంద్రానికి చేర్చి అలాగే ఉంచడం వెనుక ఉన్నది ఈ లెక్కే. కానీ నికెల్-63, నియోబియం-94 అప్పటికీ మిగిలే ఉంటాయి కాబట్టి, ఎంత మంచి పెట్టె అయినా చివరికి దాన్ని చేర్చే శాశ్వత స్థలం ఒకటి ఉండితీరాలి.

మీ ప్రాంతంలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే ఇంధనంతో పాటు ఈ లోహ భాగాల గురించీ విడిగా అడగండి: వాటిని కేంద్రం ఆవరణలోనే నిల్వ చేస్తారా, చేస్తే ఎన్నేళ్లకు, మూతల సీల్ రింగులను ఎవరు ఎంత తరచుగా పరీక్షిస్తారు, శాశ్వత స్థలం ఎక్కడ, ఆ ఖర్చుకు సొమ్ము ఏ నిధిలో జమవుతుంది అన్నవాటికి రాతపూర్వక జవాబు కోరండి.