పని పోయింది, ఈఎస్‌ఐ డబ్బు వస్తుందా?

ప్రశ్న: జీడిమెట్లలో ఒక కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో రెండేళ్ల నాలుగు నెలలు చేశాను. జీతం 18,000, ఈఎస్‌ఐ పట్టుకునేవారు. ఆర్డర్లు లేవంటూ జూన్ 10న మాన్పించారు. పోయినేడు మే, జూన్, జులై ఒంట్లో బాగోక జీతం లేకుండా ఇంట్లోనే ఉన్నాను. ఈఎస్‌ఐ నిరుద్యోగ భృతి నాకు వర్తిస్తుందా? రాజీనామా రాసిస్తేనే సెటిల్‌మెంట్ అంటున్నారు. ఇవ్వమంటారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రాజీనామా మాత్రం రాసివ్వకండమ్మా. మీ అంతట మీరే మానేశారని కాగితం మీదికెక్కితే భృతికి అదే అడ్డం పడుతుంది. రావలసిన జీతం బాకీ ఎలాగూ వాళ్లు ఇవ్వాల్సిందే.

మీరడిగింది అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులైలో తాత్కాలిక పథకంగా మొదలై, పొడిగింపులతో నడుస్తూ వచ్చింది. కాబట్టి మీ పని పోయిన తేదీకి అమల్లో ఉందా అని ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో ముందే అడగండి.

అర్హతకు రెండేళ్ల బీమా ఉద్యోగం, అంటే ఈఎస్‌ఐ చందా పట్టుకునే ఉద్యోగం, ఉండాలి. ఈఎస్‌ఐ లెక్కలో ఏడాదికి రెండు చందా కాలాలు: ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి. పని పోవడానికి ముందరి కాలంలో, అంటే మీకు మొన్నటి అక్టోబరు–మార్చిలో, 78 రోజుల చందా పడాలి. దానికి ముందున్న మూడింటిలో ఏదో ఒకదానిలో మరో 78. మీ మూడు నెలల ఖాళీ అర్హతను చెడగొట్టదు. డబ్బు దగ్గరే కోత పడుతుంది. ఈ నాలుగు కాలాల మొత్తం జీతాన్ని, మీరు పనిచేసిన రోజులతో నిమిత్తం లేకుండా, రెండేళ్ల రోజులు 730తో భాగించి అందులో సగం ఇస్తారు. మీకు 24 నెలల్లో ఖాళీ మూడు పోగా 21 నెలల జీతం 3,78,000. రోజుకు సుమారు 259 రూపాయలు, గరిష్ఠంగా 90 రోజులకు 23,300 దాకా. జీవితంలో ఒక్కసారే.

పని పోయి 30 రోజులు దాటాక ఈఎస్‌ఐ పోర్టల్‌లో క్లెయిం వేసి, ప్రింటు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు బ్రాంచి ఆఫీసులో ఇవ్వండి. రాబోయే రోజులకు ముందుగా అడగడం కుదరదు.

క్లెయింలు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడ: నెలవారీ చందా లెక్కలో కంపెనీ మీ పేరు ఎదుట ఏం రాసింది? సెలవు అని పెట్టి వదిలేస్తే మీరింకా ఉద్యోగంలో ఉన్నట్టే. చివరి పనిరోజు, కారణం సరిగ్గా ఎక్కించమని ఈమెయిల్‌లో అడగండి, నోటిమాటగా వద్దు. పాత కంపెనీలో ఇంకో బీమా నంబరు ఉంటే రెండూ కలిపించుకోండి. పేస్లిప్పులు పారేయకండి. పట్టుకున్న చందా కట్టలేదని తేలితే అవే మీకు ఆధారం.

ప్రశ్న: మా ఫ్యాక్టరీ మూతపడింది. నాకూ ఇదేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అడగండి. శాశ్వత మూసివేత, రిట్రెంచ్‌మెంట్ (చట్టప్రకారం సిబ్బందిని తగ్గించడం) దాని కిందికి వస్తాయి. రెండేళ్ల చందా ఉంటే మొదటి 12 నెలలు సగటు రోజుజీతంలో 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం ఇస్తారు. ఆ కాలంలో కుటుంబానికి ఈఎస్‌ఐ వైద్యమూ ఉంటుంది. తొందరపడి 90 రోజుల పథకానికి దరఖాస్తు పెట్టకండి.