గర్భంతో ఉన్నప్పుడు మలేరియా వచ్చింది, బాబుకు టీకాలు వాయిదా వేయాలా?

ఆరో నెలలో వైవాక్స్ రకం మలేరియా వచ్చి తగ్గిందన్నారు. ఇప్పుడు బాబుకు నెల నిండింది, వాడికి రోగనిరోధక శక్తి తక్కువగా ఉంటుందేమో, టీకాలు కొన్నాళ్లు ఆపితే మంచిదా అని అడిగారు. ఆపకండి అండీ. ఆరు వారాలు నిండగానే వేయించండి. నేనూ చెన్నైలోనే, పెరంబూరులో ఉంటాను. మా పాప కడుపులో ఉన్నప్పుడు నాకూ వైవాక్సే వచ్చింది, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో తెలుసు.

తల్లి రక్తంలోని యాంటీబాడీలు, అంటే జబ్బులతో పోరాడే ప్రోటీన్లు, మాయ (ప్లాసెంటా) గుండా బిడ్డకు చేరతాయి, అదీ ఎక్కువగా చివరి మూడు నెలల్లో. ఫాల్సిపారం రకం మలేరియాలో పరాన్నజీవి ఉన్న ఎర్ర రక్తకణాలు మాయలో అతుక్కుని పేరుకుపోతాయి, అక్కడ వాపు వస్తుంది. అలాంటి తల్లుల పిల్లలకు తట్టు వంటి జబ్బుల మీద యాంటీబాడీలు తక్కువగా అందాయని ఆఫ్రికాలో చేసిన కొన్ని అధ్యయనాల్లో తేలింది, మరికొన్నింటిలో పెద్ద తేడా కనపడలేదు. ఆ పిల్లలకు మొదటి ఏడాదిలో మలేరియా సోకే అవకాశం ఎక్కువని కూడా చెప్పారు. టీకాలు వేశాక వచ్చే రక్షణ గురించి ఫలితాలు ఒక్క తీరుగా లేవు. కానీ అందుకని టీకా ఆలస్యం చేయమని ఏ డాక్టరూ చెప్పరు.

మన చెన్నైలో వచ్చేది చాలావరకు వైవాక్సే. అది మాయలో అంతగా పేరుకోదు. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు, తల్లికి రక్తం తగ్గుతుంది, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. మీ బాబు పుట్టినప్పుడు ఎంత బరువున్నాడో, నెలలు నిండాకే పుట్టాడో లేదో పిల్లల డాక్టరుకు చెప్పండి. ముందే పుట్టినా టీకాల లెక్క పుట్టిన తేదీ నుంచే.

మా ఇంట్లోనూ ఇదే మాట వచ్చింది. "పసిగుడ్డు, ఇన్ని సూదులు తట్టుకోదు, మూడో నెల రానివ్వండి" అన్నారు అత్తగారు. మా పేటలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ఆవిడనే కూర్చోబెట్టి, తల్లి నుంచి వచ్చింది తక్కువైతే మన టీకా ఇంకా ముందే అందాలి కదా అని నచ్చజెప్పింది. ఆ రోజే వేయించాం. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా వేసిన రాత్రి పాపకు ఒళ్లు వెచ్చబడింది, మర్నాటికి తగ్గిపోయింది. మీ బాబుకు టీకా జ్వరం రెండు రోజులు దాటినా, టీకా వేయకుండానే జ్వరం వచ్చినా ఇంట్లో సిరప్ పోసి చూడకండి. నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లి, మీకు మలేరియా వచ్చిన సంగతి చెప్పి రక్తపరీక్ష చేయించండి. తల్లి నుంచి పుట్టుకతోనే మలేరియా రావడం అరుదు, కానీ ఉంది.

తొమ్మిది నెలలు నిండాక వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా అస్సలు తప్పించకండి. తట్టు మీద తల్లి ఇచ్చిన రక్షణ అప్పటికి దాదాపు కరిగిపోయి ఉంటుంది.

ఇంకొకటి, మీ సంగతి. వైవాక్స్ కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా మళ్లీ లేస్తుంది. దాన్ని చంపే ప్రైమాక్విన్ అనే మందు గర్భంలో ఇవ్వరు, కాబట్టి మీకు ఆ కోర్సు బాకీ ఉండే ఉంటుంది. పాలిస్తున్నారు కనుక ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరును అడగండి, ఆ మందు ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుందేమో తేల్చే జీ6పీడీ రక్తపరీక్ష చేయించకుండా మాత్రం వేసుకోవద్దు. మీకు మళ్లీ చలిజ్వరం వచ్చి దోమ కుడితే, అదే దోమ నుంచి కొన్నాళ్లకు బాబుకూ అంటవచ్చు. ఇక్కడ మలేరియా దోమ మురికి నీళ్లలో కాదు, మేడ మీద ట్యాంకులో, బావిలో ఉన్న మంచినీళ్లలో పెరుగుతుంది. ట్యాంకు మూత సరిగ్గా ఉందో లేదో ఇవాళే ఇంట్లోవాళ్లను పైకెక్కి చూడమనండి.