రాజీనామా రాయమంటున్నారు, మెడికల్ షాపు పెట్టమంటారా?

ప్రశ్న: నా వయసు 44. గుంటూరులో 17 ఏళ్లుగా మెడికల్ రెప్‌గా చేస్తున్నాను. ఇది మూడో కంపెనీ, ఇందులో తొమ్మిదేళ్లు. మా హెడ్‌క్వార్టర్ (నేను తిరిగే ఏరియా, దాని పోస్టు) ఎత్తేస్తున్నారట. రాజీనామా రాసిస్తే మూడు నెలల జీతం ఇస్తామంటున్నారు. టీఏ, డీఏ కాక చేతికి 52,000 వస్తుంది, బేసిక్ 24,000. ఇంటి లోన్ ఈఎంఐ 16,500తో కలిపి నెల ఖర్చు 44,000. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, ఆమెకి 14,000. పీఎఫ్‌లో 11 లక్షలు, ఎఫ్‌డీ 1.8 లక్షలు ఉన్నాయి. పీఎఫ్‌లోంచి 8 లక్షలు తీసి స్నేహితుడితో సగం వాటాకి మెడికల్ షాపు పెడదామనుకుంటున్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జవాబు: ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. మూడు నెలల జీతంలో గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి చేసినందుకు మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) కలిసి ఉందో, విడిగా ఇస్తారో ముందు మెయిల్ పెట్టి అడగండి. ఫోన్లో చెప్పే మాటలు వద్దు. ఐదేళ్లు దాటినవాళ్లకి రాజీనామా చేసినా గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే, అది కంపెనీ దయ కాదు. మీ బేసిక్ మీద లెక్కేసినా (24,000ను 26తో భాగించి, 15తో, మళ్లీ 9తో గుణించండి) సుమారు 1,24,600 రావాలి.

హెడ్‌క్వార్టర్ ఎత్తేసి వాళ్లు మిమ్మల్ని తీసేయడం, మీ అంతట మీరు మానేయడం చట్టం దృష్టిలో ఒకటి కాదు. మెడికల్ రెప్‌లు కార్మికుల లెక్కలోకే వస్తారు. తీసేస్తే ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం కట్టాలి. మీ తొమ్మిదేళ్లకి అది నాలుగున్నర నెలల వేతనం. రాజీనామా చేస్తే ఆ ఊసే ఉండదు. మూడు నెలలిస్తామని అంత ఉదారంగా ఎందుకు అంటున్నారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. రెప్‌ల యూనియన్‌లో అనుభవమున్న వాళ్లకి ఆ కాగితం చూపించి, అప్పుడు బేరానికి కూర్చోండి.

ఇక షాపు. అమ్మకాలు మీకు నాకంటే బాగా తెలుసు. కానీ ఇన్నాళ్లూ కౌంటర్‌కి ఇవతల నిలబడ్డారు, అవతలి లెక్క వేరు. నెలకు 3 లక్షల అమ్మకం అనుకుందాం. కొత్త షాపుకి అది తక్కువేమీ కాదు. ధరల నియంత్రణలో ఉన్న మందుల మీద షాపుకి మార్జిన్ 16 శాతం, మిగతావాటి మీద మామూలుగా 20. సగటున 18 వేసుకున్నా 54,000 మిగులుతుంది. అందులో అద్దె 15,000, ఫార్మసిస్టుకి 18,000, హెల్పర్‌కి 10,000, కరెంటు, ఫ్రిజ్ వగైరాలకి 4,000 తీసేయండి. మిగిలేది 7,000, మీ వాటా 3,500. ఎక్స్‌పైరీ నష్టం, 'పది శాతం తగ్గించండి' అనే కస్టమర్ ఇంకా ఇందులోకి రాలేదు. కొత్తపేటలో ఎన్ని షాపుల మీద డిస్కౌంట్ బోర్డులు ఉన్నాయో మీరు రోజూ చూసేదే కదా.

ఫార్మసిస్టు సర్టిఫికెట్ అద్దెకి తెచ్చుకుందామని మీ స్నేహితుడు అంటే మాత్రం (అంటారు, చాలామంది అంటారు) అక్కడితో ఆ మాట ఆపేయండి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు షాపులో ఫార్మసిస్టు లేకపోతే పోయేది మీ 8 లక్షలు.

పీఎఫ్ జోలికి పోనక్కర్లేదు. ఎందుకో చూడండి. మూడు నెలల జీతం 1.56 లక్షలు, గ్రాట్యుటీ, ఎఫ్‌డీ కలిపితే 4.6 లక్షలు. మీ ఆవిడ జీతం పోను నెలకు తగ్గేది 30,000. అంటే 15 నెలలు ఇల్లు గడుస్తుంది, ఈఎంఐ ఒక్కటీ ఆగదు. హెల్త్ ప్రీమియం, పిల్లల ఫీజులు మీద పడినా ఏడాదికి ఢోకా లేదు. ఆ ఏడాది మీకు దొరికితే చాలు.

ఆ ఏడాదిలో ఆరు నెలలు మీకు తెలిసిన స్టాకిస్టు (షాపులకి హోల్‌సేల్‌గా మందులు వేసే వ్యాపారి) దగ్గర పని చేయండి. జీతం 25,000 అన్నా సరే, 'ఇన్నేళ్లు చేసి ఇంతేనా' అని చిన్నబుచ్చుకోకండి. గుంటూరు, తెనాలి, నరసరావుపేటల్లో ఏ షాపు బిల్లు ఎన్ని రోజులకి కడుతుందో అక్కడ నేర్చుకుంటారు. హోల్‌సేల్ లైసెన్సుకి ఫార్మసిస్టే అక్కర్లేదు, డిగ్రీ, మందుల వ్యాపారంలో ఏడాది అనుభవం ఉన్న మనిషి చాలు. కాకపోతే అందులో డబ్బంతా అరువులోనే ఇరుక్కుంటుంది. ఆ సంగతి మీ డబ్బుతో కాకుండా యజమాని డబ్బుతో తెలుసుకోవడం మేలు. డయాగ్నస్టిక్ సెంటర్లు, హాస్పిటల్ మార్కెటింగ్ వాళ్లకి కూడా డాక్టర్లతో మీ పరిచయాలు కావాలి. అక్కడా అడిగి చూడండి.

కంపెనీ ఇన్సూరెన్సు చివరి పనిరోజుతో ఆగిపోతుంది. షుగరో బీపీయో ఉంటే ఆ రోజు రాకముందే అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారతామని రాసివ్వండి. వెయిటింగ్ పీరియడ్‌లో (పాత జబ్బులకి క్లెయిమ్ ఇవ్వని మొదటి కాలంలో) ఇప్పటిదాకా గడిచిన కాలం కలిసొస్తుంది.

ఇంట్లో ఈ రాత్రే చెప్పండి. రేపట్నుంచి బ్యాగు పట్టుకుని ఉత్తినే బయల్దేరి ఏ టీ బంకు దగ్గరో సాయంత్రం దాకా కూర్చోవడం మొదలెడితే, అది నెలల తరబడి సాగుతుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో అలాంటి వాళ్లని చూశాను. పైగా ఖర్చు తగ్గించాల్సింది ఇద్దరూ కలిసే.

ఇంకో పని మిగిలింది. పాత రెండు కంపెనీల పీఎఫ్ ఇప్పటి యూఏఎన్‌లోకి (ఎన్ని కంపెనీలు మారినా ఒకటే ఉండే మీ పీఎఫ్ నంబరు) బదిలీ అయిందా? పదేళ్ల సర్వీసు దాటితే 58 ఏళ్ల నుంచి పెన్షన్ హక్కు ఉంటుంది. ఈ కంపెనీలో మీవి తొమ్మిదేళ్లే, పాత సర్వీసు కలవాల్సిందే. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి, అందులో ఎన్ని మెంబర్ ఐడీలు (ఒక్కో కంపెనీ పీఎఫ్ ఖాతాకి ఒక్కో నంబరు) కనిపిస్తున్నాయో నాకు రాయండి.