డిక్కీకి కర్ర ఊతం పెట్టి చలికాలం గడపకండి

ఈ జనవరిలో మా మిషిగన్‌లో కొత్తగా వచ్చిన మనవాళ్ల కార్లు రెండింటిలో డిక్కీలో స్పేర్ టైరు పక్కన చీపురు కర్ర కనిపించింది. డిక్కీ తలుపు ఎత్తి కర్ర నిలబెట్టడం, సామాను సర్దుకున్నాక కర్ర లాగేసి చటుక్కున పక్కకు తప్పుకోవడం, ఇదీ వాళ్ల అలవాటు. "ఆగస్టులో కొన్నప్పుడు బాగానే నిలబడిందన్నా, ఇప్పుడే ఇలా అయింది" అన్నాడు అందులో ఒక తమ్ముడు. అతను చెప్పింది నిజమే, కారణం కూడా ఉంది. కానీ ఆ కర్రను మాత్రం నమ్మకండి. కొన్నేళ్ల క్రితం ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో మా ఆవిడ 20 పౌండ్ల బియ్యం బస్తా లోపల పెట్టి తలెత్తేలోపు తలుపు దిగి వచ్చింది. తాళం ఉండే ఇనుప ముక్క కనుబొమ్మ మీద తగిలి మూడు కుట్లు పడ్డాయి. రెండు నెలలుగా తలుపు బరువుగా దిగుతోందని నాకు తెలుసు. రేపు చూద్దాంలే అనుకుంటూ వచ్చాను.

డిక్కీ తలుపును మోసేది రెండు పక్కలా ఉండే నల్లటి గొట్టాలు. లోపల నైట్రోజన్ గ్యాస్‌ను బాగా ఒత్తిడితో నింపుతారు, కొంచెం నూనె కూడా ఉంటుంది. మెరిసే సన్నటి కడ్డీ బయటికి వచ్చే చోట ఒక సీలు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సీలు అరిగి గ్యాస్ కొద్దికొద్దిగా పోతుంది. పైగా చలికి గ్యాస్ ఒత్తిడి తగ్గుతుంది: 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న బలంలో మైనస్ 15కి వచ్చేసరికి దాదాపు 13 శాతం పోతుంది. కొత్త గొట్టాలు ఆ తేడాను తట్టుకుంటాయి. అరిగినవాటికి అది గోరుచుట్టు మీద రోకటిపోటు. అందుకే ఆగస్టులో నిలబడ్డ తలుపు జనవరిలో నెత్తిన పడుతుంది. పాత కారు ఎండాకాలంలో కొనేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

లోపం గొట్టాలదేనా అని ముందు తేల్చుకోండి. తలుపు మీద మంచు పేరుకుని ఉంటే దులిపేయండి, సైకిల్ రాక్ ఉంటే తీసేయండి, ఆ బరువుకు మంచి గొట్టాలు కూడా లొంగిపోతాయి. తర్వాత తలుపు పూర్తిగా ఎత్తి, కింద చెయ్యి ఉంచి మెల్లగా వదలండి. దిగుతుంటే బలం పోయినట్టే. ఒక తెల్లటి పేపర్ న్యాప్‌కిన్‌తో కడ్డీని తుడవండి. నూనె మరక అంటితే సీలు కారుతోంది. కడ్డీ మీద తుప్పు చుక్కలు వేలికి గరుకుగా తగిలినా దాని పని అయిపోవచ్చినట్టే, ఆ గరుకే సీలును కోస్తుంది. దాని మీద నూనె స్ప్రే కొడితే పోయిన గ్యాస్ తిరిగి రాదు.

కొనేటప్పుడు మాటతోనే చిక్కు. ఇక్కడ "డిక్కీ" అంటే ఎవరికీ అర్థం కాదు, సెడాన్‌కైతే ట్రంక్, ఎస్‌యూవీకైతే లిఫ్ట్‌గేట్ అనాలి. ఈ గొట్టాలను లిఫ్ట్ సపోర్ట్స్ అంటారు. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు బూట్ స్ట్రట్స్ అని అడగండి. కారు ఏడాది, కంపెనీ, మోడల్ చెబితే కారు విడిభాగాలమ్మే ఆటోజోన్ లాంటి షాపుల్లో కంప్యూటర్‌లో చూసి ఇస్తారు. అయినా పాత గొట్టం మీది నంబరు ఫోటో తీసుకెళ్లండి. దాని బలం న్యూటన్లలో రాసి ఉండొచ్చు, ఇక్కడ అమ్మేవాటి మీద పౌండ్లలో ఉండొచ్చు, 100 పౌండ్లంటే సుమారు 445 న్యూటన్లు. ఎక్కువ బలం ఉన్నది కొంటే మంచిదే కదా అనుకోకండి, తలుపు మూయడం కష్టమై దాని కీళ్ల మీద భారం పడుతుంది. ఒక్కటే చెడినా రెండూ మార్చండి, లేకపోతే తలుపు ఒక పక్కకు మెలిపడుతుంది. చాలా కార్లకు జత 30 నుంచి 70 డాలర్లలో వస్తుంది. మెకానిక్ దగ్గరకు వెళ్తే ఆపైన కూలి. చాలా సెడాన్లకు అసలు ఈ గొట్టాలే ఉండవు, స్ప్రింగు కడ్డీలుంటాయి. బటన్ నొక్కితే తనంతట తను లేచే తలుపైతే గొట్టంలోనే మోటారు ఉండొచ్చు, దానికి మామూలువి బిగించకూడదు.

మన ఊళ్లో ఇలాంటి పనంతా వీధి చివరి మెకానిక్ చూసుకుంటాడు కాబట్టి మనకు చెయ్యి అలవాటు లేదు. భయపడాల్సిన పని కాదిది, అరగంట పడుతుంది. కాకపోతే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కారు రిపేర్లు వద్దని చాలా లీజుల్లో రాసి ఉంటుంది, ముందు చూసుకోండి.

గాలి లేని రోజు, చదునైన చోట మొదలుపెట్టండి. తలుపు పూర్తిగా ఎత్తి ఒక మనిషిని రెండు చేతులతో పట్టుకోమనండి. ఈ పనికి కర్ర వద్దు, మనిషే కావాలి. గొట్టం ఎటు తిరిగి ఉందో ఫోటో తీయండి. చాలా కార్లలో తలుపు మూసినప్పుడు సన్నటి కడ్డీ కిందికి ఉండేలా బిగిస్తారు, నూనె సీలు దగ్గర నిలిచి దాన్ని తడిగా ఉంచాలని. గొట్టం చివర గిన్నె లాంటి సాకెట్ ఒక ఉక్కు గుండు మీద కూర్చుని ఉంటుంది, దాని వెనక చిన్న స్ప్రింగు క్లిప్పు. సన్నటి స్క్రూడ్రైవర్ మొన క్లిప్పు కింద దూర్చి కొద్దిగా మాత్రమే లేపండి, పూర్తిగా ఊడదీస్తే ఎగిరి ఎక్కడో పడుతుంది. లేపి పట్టుకుని గొట్టాన్ని బయటికి లాగితే వచ్చేస్తుంది. కొన్ని కార్లకు ఒక చివర బోల్టులుంటాయి. బోల్టులు విప్పే సాకెట్ సెట్ లేకపోతే ఆటోజోన్‌లో అడిగి చూడండి, అక్కడ కొన్ని పనిముట్లు డిపాజిట్ కట్టించుకుని ఇస్తారు, తిరిగి ఇచ్చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది.

ఒక పక్క కొత్తది ఎక్కించాకే రెండో పక్క ముట్టుకోండి. కొత్త గొట్టం పొడవు కొంచెం కలవకపోతే దాన్ని చేత్తో నొక్కడానికి చూడకండి, లొంగదు. తలుపునే కాస్త అటూ ఇటూ జరపమనండి. గుండు మీద పెట్టి అరచేత్తో నెడితే "టక్" మంటుంది. ఆ చప్పుడు వినబడ్డాక గట్టిగా లాగి చూడండి, ఊడకూడదు.

మొదటి కొన్ని రోజులు తలుపు మూయడానికి మునుపటికంటే బలం కావాలి, టెన్షన్ పడకండి, అది లోపం కాదు. పాత గొట్టాల్లో ఇంకా ఒత్తిడి ఉంటుంది. పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వొద్దు, కోయొద్దు, నిప్పులో వేయొద్దు. కొన్న షాపులోనే తీసుకుంటారేమో అడగండి.